మాదాపూర్ దర్వాజా, మన చాబీ

1998 నవంబర్ 22న మాదాపూర్‌లో ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. నౌజవాన్లకు రోజ్‌గార్ వస్తుందన్నది సర్కార్ వాదా. చాలామందికి వచ్చింది కూడా. అయితే ఆ దర్వాజా చాబీ ఇంగ్లీషు, ఇంజనీరింగ్ డిగ్రీ. నాలాంటి ఉర్దూ మీడియం పిల్లల జేబులో అది లేదు.

మన బుజుర్గుల కాలంలో నౌకరీ జబాన్ ఉర్దూయే. 1918లో ఏర్పడిన ఉస్మానియా ఆ జబాన్‌లోనే పాఠాలు చెప్పింది. 1948 తర్వాత దఫ్తర్ల జబాన్ మారింది. ఎన్నో ఇళ్లలో తన్ఖా ఆగిపోయింది.

2007 చట్టం వెనుకబడిన ముస్లిం తబకాలకు చదువుల్లో, సర్కారీ నౌకరీల్లో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. ఐటీ కంపెనీలకు అది వర్తించదు. కానీ ఇంజనీరింగ్ సీటు ఇప్పించింది. మన పిల్లలు చాలామంది మాదాపూర్ చేరింది ఆ సీటు మీదుగానే. బిల్డింగ్ కడితే సర్కార్ పని సగమే అయినట్టు. తాలీమ్ అందితేనే రోజ్‌గార్ వాదా పూరా అవుతుంది.