తీగె మొదలు త్రాడు వరకు



మూటను వీపున వైచుకొని దేశాంతరములు తిరుగు యువకులు న్యూజిలాండునందలి కావరౌ వంతెనపై నిలిచి, కాళ్ళకు రబ్బరుత్రాడు గట్టుకొని, 43 మీటర్ల క్రిందనున్న నదివైపునకు తలక్రిందులుగ దూకుచున్నారు. 1988వ సంవత్సరమున హ్యాకెట్టు, వాన్ ఆష్ అను నిరువురు అచ్చట రుసుము గొని దూకించు వృత్తిని నెలకొల్పిరి. అంతకుమున్ను 1979 ఏప్రిల్ 1వ తేదీన ఇంగ్లండునందు క్లిఫ్టన్ వంతెనపైనుండి నలుగురు దూకిరి. పోలీసులు వారిని నిర్బంధించిరి.

ఈ విద్యకు పుట్టినిల్లు పసిఫిక్కు సముద్రమున వనుఆటు దేశమునకు జెందిన పెంటెకోస్టు దీవి. అచ్చట పెండలపు పంట చేతికివచ్చు దినములలో, ఏప్రిల్ మొదలు జూను వరకు, కొయ్యలతో 20, 30 మీటర్ల యెత్తున మంచె గట్టి, చీలమండలకు అడవితీగెలు చుట్టుకొని పురుషులు దూకుదురు. అట్లు దూకిన పంట బాగుగ పండునని వారి నమ్మకము. ఒక్కొక్కని యెత్తును, బరువును జూచి తీగె నెన్నుదురు. ఆ ఋతువున తీగెలు పసరుగలిగి సాగును. క్రిందినేలను త్రవ్వి గుల్లచేయుదురు. బాలురు తక్కువ యెత్తునుండి ఆరంభింతురు.

1974 ఫిబ్రవరిలో ఎలిజబెత్తు రాణి వచ్చినపుడు, ఋతువు గాకున్నను, ఆమె చూచుటకై ఈ దూకుట జరిపించిరి. తీగెలకు సాగుగుణము చాలలేదు. ఒకడు పడి మరణించెను.

కాలము, కొలత, అనుభవజ్ఞుల పరీక్ష — ఈ మూడును సాహసమున భాగములేయని ఆ మరణము తెలుపుచున్నది. మన పిల్లలు దూరదేశముల కేగి మొదటిసారి యిట్టివానికి పూనుకొనునపుడు, "వలదు" అని మాత్రమనుటకంటె, "త్రాడు పరీక్షించినవారెవరు నాయనా?" యని యడుగుట మేలు.