క్యాసెట్టు కాలపు తెలుగు పాట

ఒక పాట ఎందరిని చేరినదో అమ్ముడుపోయిన ప్రతులే తెలుపునని పాశ్చాత్యుల లెక్క. అమెరికాలో 1991 నుండి దుకాణముల అమ్మకములు యంత్రసహాయమున నమోదగుచున్నవి. 2000 మార్చిలో వెలువడిన ఎన్‌సింక్ బృందము వారి 'నో స్ట్రింగ్స్ అటాచ్డ్' మొదటి వారముననే 24 లక్షల ప్రతులు చెల్లినది. 1970లో విడిపోయిన బీటిల్స్ బృందపు పాత పాటలు సైతము అదే ఏడు నవంబరులో 'వన్' అను సంపుటిగా వచ్చి అగ్రస్థానమందుకొన్నవి.

ఆ కాలముననే తెలుగునాట 'చిత్రం', 'నువ్వే కావాలి' (2000), 'ఖుషి', 'మనసంతా నువ్వే' (2001) పాటలు వీధివీధిన మ్రోగినవి. వీనిలో దేని క్యాసెట్లు అధికముగా చెల్లినవో నిర్ణయించుట మాత్రము దుర్ఘటము.

పూర్వము పాటను ముద్రించుట పెద్ద కర్మాగారమునకే సాధ్యము. మన దేశమున ఆ పని చిరకాలము గ్రామఫోన్ కంపెనీ చేతిలోనుండెను. 1974లో ఘంటసాల అస్తమయానంతరము వెలువడిన భగవద్గీత రికార్డు ఆ యుగమునకు చెందినదే. ఫిలిప్స్ వారు 1963లో వెలువరించిన క్యాసెట్టు ఈ పద్ధతిని తారుమారు చేసినది. 1980ల దశకమున గుల్షన్ కుమార్ టి-సిరీస్ సంస్థ చవక క్యాసెట్లతో అంగడిని ముంచెత్తెను. పిదప ఖాళీ క్యాసెట్టును, కోరిన పాటల జాబితాను దుకాణమున ఇచ్చినచో ప్రతి తయారగుచుండెను. పది సినిమాల పాటలున్న ఆ క్యాసెట్టు ఏ సినిమా పద్దున చేరవలెను? చట్టము దానిని చౌర్యమనెను. శ్రోత అట్లు తలచినట్లు కానరాదు.

నష్టమెవరికి? గీతకర్తకు, స్వరకర్తకు ముందు కుదుర్చుకొన్న సొమ్మే సాధారణముగా దక్కుచుండెను; హక్కులు నిర్మాతవి. పాట లక్షలు చెల్లినను వారికొరిగినది స్వల్పమే. 2012లో సవరించిన చట్టముతో గాని రాబడిలో వారి వాటా స్థిరపడలేదు.

బ్యాటరీలతో నడచు టేపురికార్డరు విద్యుత్తు లేని పల్లెలకును పాటను మోయగలిగెను. అమ్మకమన్నదే లేని పాటలును కలవు. బస్తరులోని చింతలనార్ 2000 నవంబరు 1న ఏర్పడిన ఛత్తీస్‌గఢ్‌లో చేరినది. కోంటా మీదుగా అచటినుండి చింతూరు, భద్రాచలములకు త్రోవ కలదు. ఆ సీమ కోయల, దోర్లల పాటలు నోటినుండి నోటికి సాగివచ్చినవి. ఏ అమ్మకపు పట్టికయు వానినెరుగదు.

గ్రామఫోన్ కంపెనీ 2000లో సరిగమ అని పేరు మార్చుకొన్నది. మరుసటి ఏడు 'ఖుషి'లో 1955 నాటి 'మిస్సమ్మ' పాట యొకటి క్రొత్త వాద్యములతో మరల వినవచ్చినది. సాలూరి రాజేశ్వరరావు బాణీని అప్పటికే నలుబది ఆరేండ్లుగా పాడుకొనుచున్న ఇండ్లలో క్రొత్త క్యాసెట్టు కొన్నవారెందరో, పాతదే చాలునన్నవారెందరో!