వరి కోతకు ముందు చల్లిన గింజ
గోదావరి డెల్టాలో పంట మార్పిడి చరిత్ర

సార్వా వరి పండి, రెండు మూడు దినములలో కొడవలి పడుననగా, గోదావరి డెల్టా రైతు ఆ నిలువు చేనిలోనే మినుములో, పెసలో, పిల్లిపెసరో చల్లును. దుక్కి లేదు, నాగలి లేదు. చేలోని నీరు తీసివేసిన పిమ్మట బురద ఇంకను మెత్తగా ఉండగా గింజ పడవలెను. కోతకు దిగిన కూలీల అడుగులు దానిని మట్టిలోనికి అదుమును. వరి పనలు తీయునప్పటికి మొలకలు కనిపించును. ఆ తరువాత వాన లేకున్నను, ఒండ్రు నేలలో మిగిలిన తేమ, తెల్లవారుజామున కురియు మంచు ఆధారముగా మినుము 70, 80 దినములలో చేతికి వచ్చును.

ఒకే నేలలో ఒకే పంటను వేయక, ఒకదాని తరువాత మరియొక జాతి పంటను వేయుటను పంట మార్పిడి అందురు. ఇది ప్రతి దేశములోను ఉన్నది. పదునెనిమిదవ శతాబ్దములో ఇంగ్లండులోని నార్‌ఫోక్ రైతులు గోధుమ, టర్నిప్, బార్లీ, క్లోవరు అను నాలుగింటిని వరుసగా వేసి పేరు పొందినారు. నేడు చలిదేశములలో గోధుమ తరువాత శీతకాలపు కనోలాను వేయుచున్నారు. అది ఆవజాతి నూనెగింజ. శరదృతువులో మొలచి, చలికాలమంతయు ఎదుగుదల లేక నేలను అంటిపెట్టుకొని, వసంతములో పూయును. ఆ చలి తగలనిదే అది సరిగా పూయదు. కనుక మన డెల్టాకు అది పనికిరాదు. వరి తరువాతి స్థానమును ఇక్కడ అపరాలు, అనగా పప్పుజాతి పంటలు, ఆక్రమించినవి.

డెల్టా ఎల్లప్పుడును ఇట్లే లేదు. 1832-33లో వచ్చిన నందన కరువు ఈ ప్రాంతమును కుదిపివేసినది. పిమ్మట ఆర్థర్ కాటన్ ప్రణాళిక ప్రకారము 1847లో ధవళేశ్వరము వద్ద ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తియైనది. కాలువలు వచ్చిన వెనుక వరి విస్తరించినది. వరి విస్తరించిన కొలది దాని వెనుక మిగిలిన తేమయు విస్తరించినది. ఆ తేమను వృథాపోనీయక వాడుకొనుటయే అపరాల సాగు.

అయితే పప్పుజాతి మొక్క నేలకు బలమిచ్చునని రైతులకు అనుభవముచే తెలిసినను, కారణము మాత్రము చాలకాలము ఎవరికిని తెలియలేదు. రోమను రచయితలును ఈ సంగతిని వ్రాసినారు. కారణము వారును చెప్పలేదు. 1838 ప్రాంతములో ఫ్రాన్సు దేశపు బూసెంగో, క్లోవరు వేసిన కుండీలలో నత్రజని పెరుగుటను తూచి చూపినాడు. గాలిలో నాలుగింట మూడు పాళ్లకు మించి నత్రజనియే కదా, మొక్క దానినే గ్రహించుచున్నదేమో అని సందేహము కలిగినది. దీనిని తేల్చుటకు ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో లాస్, గిల్బర్ట్, ప్యూ అనువారు 1857లో మిక్కిలి జాగ్రత్తతో ప్రయోగములు చేసినారు. మట్టిని బాగుగా కాల్చి, గాజు మూతల క్రింద మొక్కలు పెంచి, లోనికి పోవు గాలిని శుద్ధి చేసినారు. మొక్కలలో నత్రజని పెరగలేదు. గాలిలోని నత్రజని మొక్కలకు ఉపయోగపడదని నిశ్చయించినారు.

ప్రయోగములో అజాగ్రత్త లేదు. అతిజాగ్రత్తయే దోషమైనది. మట్టిని కాల్చుటలో దానిలోని సూక్ష్మజీవులు చనిపోయినవి. ఆ సూక్ష్మజీవులే అసలు పనివారని 1886లో జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ బయటపెట్టినారు. కాల్చిన ఇసుకలో బఠాణీ మొక్క పాలిపోయినది. మామూలు మట్టిని నీటిలో కలిపి తేర్చిన ద్రవమును కొంచెము పోసినంతనే, వేళ్లపై బొడిపెలు కట్టి పచ్చగా లేచినది. బార్లీకి ఆ ద్రవము వలన అట్టి లాభము కలుగలేదు. 1888లో హాలండులో బైజరింక్ ఆ బాక్టీరియాను వేరుచేసినాడు. దానిని నేడు రైజోబియం అందురు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. పూతకు వచ్చిన పెసర మొక్కను మట్టితో సహా మెల్లగా త్రవ్వి నీటిలో కడిగిన, వేళ్లపై ఆవగింజంత బొడిపెలు కనిపించును. ఒకదానిని బ్లేడుతో కోసిన, లోపల గులాబి రంగు ఉండును. అది లెగ్‌హీమోగ్లోబిన్ అను పదార్థపు రంగు. మన నెత్తురులోని హీమోగ్లోబిన్‌కు చుట్టము. గులాబిరంగు ఉన్న బొడిపె పని చేయుచున్నదని గుర్తు. ఆకుపచ్చగానో గోధుమ రంగుగానో ఉన్న, దాని పని తీరినది.

మినుము వేసినంతనే భూమికి బలము వచ్చునను మాట సగమే నిజము. గింజలో మాంసకృత్తులు మెండు. మాంసకృత్తులలో నత్రజని కలదు. గింజతోపాటు అదియు బండియెక్కి పోవును. మొక్కను వేళ్లతో పీకి కుప్ప వేసిన బొడిపెలును పోవును. కోసి, వేరును నేలలో వదలిన కొంత మిగులును. పిల్లిపెసరను పశువులు మేయగా మిగిలినది కలియదున్నిన మరింత మిగులును. జీలుగు, జనుము మొక్కలను పూతదశలో దున్నివేసినచో ఎక్కువ లాభము. వీనికి పచ్చిరొట్ట ఎరువని పేరు. ఇక నీరు నిలిచిన వరి మడి తానుగా కూడ కొంత నత్రజనిని సంపాదించుకొనును. ఆ పని నీలిఆకుపచ్చ నాచు చేయునని 1939లో పి. కె. డే అను భారతీయ శాస్త్రజ్ఞుడు చూపినాడు. గోధుమ నేల కన్న వరి నేల ఓర్పు గలదగుటకు ఇది ఒక కారణము.

ఈ ఓర్పును నమ్మియే దాళ్వా, అనగా రెండవ వరి, పెరిగినది. 1970ల నుండి సీలేరు విద్యుత్కేంద్రములు విడుచు నీరు వేసవి ముందు గోదావరికి చేరి దాళ్వాకు ఆదరువైనది. యూరియా బస్తాలు అందుబాటులోనికి వచ్చినవి. 1925లో ఏర్పడిన మార్టేరు వరి పరిశోధన కేంద్రము 1982లో ఇచ్చిన స్వర్ణ, రైతు మెచ్చిన రకమైనను సుమారు ఐదు నెలలు చేను విడువదు. దాని వెనుక చల్లిన మినుముకు కాలము తరిగి, గింజ కట్టు వేళకు ఎండ ముదురును. తెల్లదోమ మోసుకొనివచ్చు పల్లాకు తెగులు మరియొక బెడద. కోతయంత్రము దిగిన చేలో దాని చక్రముల క్రింద ముందు చల్లిన గింజ నలిగి, లోతుకు దిగిపోవును. కూలీల అడుగులు చేసిన పనిని అది చేయలేదు. కోత ముగిసిన పిమ్మట చల్లుదమన్న తేమ ఆగదు.

కాలువ చివరి భూములలో, దాళ్వాకు నీరు చాలని చోట్ల అపరాలు నేటికిని ఉన్నవి. అక్కడ రైతు వరి రకమును ఎన్నుకొనునపుడే, కోత ఎన్నడు వచ్చునో, మినుము ఎన్నడు చల్లవలెనో లెక్కించుకొనును.