కటకము, కన్నీరు

శుక్లము తీయించుకొన్న పెద్దలు చూపు వచ్చినందుకు సంతోషించుచునే, కంటిలో ఇసుక పడినట్లున్నదని చెప్పుట మనము వినుచున్నాము. కన్ను ఎండు బాధ పాతదే. సుశ్రుతుడు శుక్లమునకు శలాకచికిత్స చెప్పిన ఉత్తరతంత్రముననే, శుష్కాక్షిపాకమను పేర దీనిని వేరుగా వర్ణించినాడు.

1747లో ఫ్రాన్సున డావియెల్ శుక్లమును వెలికి తీసెను. 1949లో లండనున రిడ్లీ కృత్రిమ కటకము నమర్చెను. అందరి చూపును కటకము మీదనే! కన్నీటి సంగతి చూచినవాడు జర్మను వైద్యుడు షిర్మరు. 1903లో అతడు వడపోత కాగితపు ముక్కను క్రిందిరెప్పకు తగిలించి, అయిదు నిమిషములలో ఎంత తడిసినదో కొలిచెను. నేటికిని ఆ పరీక్ష వాడుకలో నున్నది.

గాటు ఎంత చిన్నదైనను, నల్లగ్రుడ్డుపైని స్వచ్ఛపటలమున సన్నని నరములు తెగును. కన్నీరు కావలెనను కబురు సరిగా పోదు. అవి మరల పెరుగుటకు నెలలు పట్టును. ఆ కాగితపు ముక్కను శస్త్రచికిత్సకు ముందే వాడుట మేలని మాకు తోచుచున్నది. ఎండిన కంటిని కొలిచి ఎంచిన కటకము సరిపోకపోవచ్చును.