వెలుగు చెరిపితే వచ్చిన అక్షరం

1938 అక్టోబర్ 22. న్యూయార్క్‌లోని ఆస్టోరియా. అత్తగారి ఇంటి మేడమీద అద్దెకు తీసుకున్న చిన్న గది. లోపల ఇద్దరు. ఒకరు చెస్టర్ కార్ల్‌సన్. పేటెంట్ వ్యవహారాలు చూసే ఉద్యోగి. కీళ్లనొప్పులతో పత్రాలకు నకళ్లు రాసి రాసి విసిగి, ఈ పని యంత్రమే చేయాలని పట్టుబట్టినవాడు. రెండోవాడు ఒట్టో కోర్నై. పని దొరకని ఆస్ట్రియా భౌతిక శాస్త్రవేత్త.

కోర్నై చిన్న గాజు పలక మీద నల్ల ఇంకుతో ఆనాటి తేదీ, ఊరి పేరు రాశాడు: ‘10-22-38 ఆస్టోరియా’. గది చీకటి చేశారు. గంధకం పూసిన జింకు రేకును నూలు చేతిరుమాలుతో గట్టిగా రుద్దారు. పూత మీద విద్యుదావేశం నిలిచింది. చీకట్లో గంధకం దాన్ని కదలనివ్వదు. వెలుగు సోకిన చోట మాత్రం కింది రేకులోకి జారిపోనిస్తుంది. కార్ల్‌సన్ ఆశంతా ఈ ఒక్క గుణం మీదే.

గాజు పలకను రేకు మీద ఆనించి, పైనుంచి బల్బు వెలుగు పట్టారు. పలక తీసి చూస్తే రేకు మీద ఏమీ లేదు. కానీ వెలుగు తాకిన చోటల్లా ఆవేశం పోయింది; అక్షరాల నీడలో నిలిచింది. బొమ్మ అప్పటికే తయారైంది, కంటికి ఆనకుండా.

లైకోపోడియం మొక్క నుంచి తీసిన సన్నని పొడి చల్లి మెల్లగా ఊదారు. మిగతాదంతా ఎగిరిపోయింది. అక్షరాలు నిలిచాయి. మైనపు కాగితం మీదికి అద్ది వేడి చేస్తే పొడి అందులో అతుక్కుపోయింది. ప్రపంచంలో తొలి జిరాక్స్ కాపీ అదే.

తర్వాతి కథ ఓర్పుది. 20కి పైగా కంపెనీలు కాదన్నాయి. 1944లో బాటెల్ పరిశోధన సంస్థ, ఆ తర్వాత హాలాయిడ్ కంపెనీ చేయందించాయి. జిరాక్స్ 914 యంత్రం వచ్చేసరికి 1959. అంటే 21 ఏళ్లు.

జిరాక్స్ కంపెనీ ఇంజినీరు గేరీ స్టార్క్‌వెదర్ ఇంకో అడుగు వేశాడు. కాగితం నీడ ఎందుకు, రేకుకు బదులు వాడే డ్రమ్ము మీద లేజర్ కిరణంతో నేరుగా రాయొచ్చు కదా అన్నాడు. పైవాళ్లు వద్దన్నా వినలేదు. 1971లో కాలిఫోర్నియాలోని పరిశోధనశాలకు మారి సాధించాడు.

నేటి లేజర్ ప్రింటర్‌లో ముందు డ్రమ్మంతటికీ ఆవేశం ఎక్కిస్తారు. గిరగిరా తిరిగే పలకల అద్దం లేజర్‌ను వరసలు వరసలుగా దాని మీద నడుపుతుంది. అంగుళానికి 600 చుక్కల ప్రింటర్ అయితే ఒక్కో చుక్క మిల్లీమీటరులో దాదాపు 24వ వంతు. మన తలకట్టు, వత్తు అన్నీ ఆ చుక్కల పేర్పే. ఆనాడు పొడి నీడలో అంటింది. నేటి లేజర్ ప్రింటర్లలో ఎక్కువగా వెలుగు పడ్డ చోటే టోనర్ అనే పొడి అంటుతుంది. డ్రమ్ము ఆవేశం, టోనర్ ఆవేశం ఒకే జాతివి కావడంతో ఆవేశమున్న చోటు దాన్ని నెట్టేస్తుంది.

శామీర్‌పేట దగ్గరి లాల్‌గడి మలక్‌పేట్‌లో రైతు పాస్‌బుక్‌కైనా, విద్యార్థి మార్కుల మెమోకైనా నకలు తీసే పద్ధతి ఇదే. అసలు కాగితం బీరువాలో భద్రంగా ఉంచుకుని, నకలుతో ఆఫీసు మెట్లెక్కే ధైర్యం సామాన్యుడికి ఇచ్చింది ఆ మేడమీది గదే. కార్ల్‌సన్ పేరు మన పిల్లల పాఠాల్లో ఉండి తీరాలి.