పన్నెండు బోరు

బోరుబావిలోని బోరే తుపాకిలోనూ ఉంది. ఇంగ్లీషులో ఆ మాటకు తొలవడమని అర్థం. అయితే 'పన్నెండు బోరు తుపాకి'లోని పన్నెండు అంగుళాలూ కాదు, మిల్లీమీటర్లూ కాదు. ఒక పౌండు సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే, వాటిలో ఒకటి సరిగ్గా పట్టే గొట్టం అది. వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. అందుకే అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది: 20 బోరు 12 కన్నా చిన్నది. ఎంత చక్కని కొలత! త్రాసులోంచి పుట్టిన పేరిది. పాయింట్ 410 మాత్రం ఈ లెక్కకు లొంగదు, అది అంగుళాల్లో చెప్పిన వ్యాసమే.

పాత ఇంగ్లీషు జంట గొట్టాల తుపాకిని విప్పితే, గొట్టాల అడుగున లండన్ లేదా బర్మింగ్‌హామ్ పరీక్షశాల ముద్రల పక్కన 13 అని కనిపించవచ్చు. పట్టే తూటా మాత్రం 12 బోరుదే. ఆ 13 గొట్టం లోపలి అసలు కొలత, నాసిరకమని చెప్పే గుర్తు కాదు. 'నాట్ ఫర్ బాల్' అని ఉంటే అది 1875-1887 మధ్య పరీక్షకు వెళ్లిన, మూతి దగ్గర సన్నబడిన గొట్టం. ఒంటి గుండు పేల్చవద్దన్న హెచ్చరిక అది. ఇంట్లో తాతల నాటి తుపాకి ఉంటే ఈ ముద్రలను పాలిష్ పేరుతో అరగదీయనివ్వకండి.