మద్రాసులో అడిగిన ఓటు, మెదక్‌కు చేరిన తీరు

శాతవాహనుల నాటి నాణేలు, మట్టిబొమ్మలు బయటపడిన కొండాపూర్ నేడు సంగారెడ్డి జిల్లాలో ఒక మండల కేంద్రం. జిల్లాల పునర్విభజనకు ముందు అది మెదక్ జిల్లాలో, అంతకు పూర్వం నిజాం రాజ్యంలో ఉండేది. ఈ ప్రాంతపు స్త్రీలు ఓటు హక్కు పొందిన చరిత్రను వెదికేవారు మొదట హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు జీవితాన్ని పరిశీలించవలసి ఉంటుంది.

నిజాం కళాశాల స్థాపనలో ముఖ్యపాత్ర వహించిన అఘోరనాథ ఛటోపాధ్యాయ కుమార్తెగా 1879లో జన్మించిన సరోజిని, 1898లో మద్రాసులో కందుకూరి వీరేశలింగం ఆధ్వర్యంలో తెలుగువాడైన వైద్యుడు గోవిందరాజులు నాయుడిని వివాహమాడింది. కులం, ప్రాంతం రెండూ దాటిన ఆ పెళ్లి, మత క్రతువులతో నిమిత్తం లేకుండా నమోదయ్యే వివాహాలకు వీలు కల్పించిన 1872 నాటి చట్టం కింద జరిగింది. చదువు, వివాహం అనే రెండు విషయాల్లో సంఘసంస్కరణ ఫలాన్ని స్వయంగా అనుభవించిన స్త్రీ, తరువాత ఆ ఫలం అందరికీ దక్కాలని కోరడం సహజమే.

1917 డిసెంబరులో, భారత వ్యవహారాలు చూసే బ్రిటిష్ మంత్రి మాంటేగు రాజ్యాంగ సంస్కరణలపై అభిప్రాయాలు సేకరిస్తూ మద్రాసుకు వచ్చినప్పుడు, మార్గరెట్ కజిన్స్ చొరవతో ఏర్పడిన మహిళా ప్రతినిధి వర్గానికి సరోజినీ నాయుడే నాయకత్వం వహించి, పురుషులకు ఏ ప్రాతిపదికపై ఓటు ఇస్తారో స్త్రీలకూ అదే ప్రాతిపదికపై ఇవ్వాలని విన్నవించింది. ఓటర్ల అర్హతలను నిర్ణయించేందుకు నియమితమైన సౌత్‌బరో సంఘం ఆ కోరికను తోసిపుచ్చగా, 1919లో ఆమె లండన్ వెళ్లి పార్లమెంటు సంయుక్త సంఘం ఎదుట వాదించింది. ఆ ఏటి చట్టం స్త్రీల ఓటును నేరుగా ఇవ్వక, నిర్ణయాన్ని రాష్ట్రాల శాసనమండళ్లకు వదిలిపెట్టింది. బ్రిటిష్ పాలిత రాష్ట్రాల్లో ముందుగా మద్రాసు 1921లో స్త్రీలపై ఉన్న నిషేధాన్ని తొలగించింది.

అయితే ఆ విజయానికి రెండు హద్దులు ఉన్నాయి. ఓటు ఆస్తి, పన్ను చెల్లింపులతో ముడిపడి ఉండటంతో కొద్దిమంది స్త్రీలకే దక్కింది. అంతకన్నా బాధాకరమైనది రెండవది: బ్రిటిష్ ఇండియాకు చేసిన ఆ చట్టం సంస్థానాలకు వర్తించలేదు. కృష్ణకు ఆవల గుంటూరులో ఆస్తిగల స్త్రీ ఓటు వేయగలిగిన రోజుల్లో, ఓటు కోసం దేశవిదేశాల్లో పోరాడిన సరోజిని సొంత నగరంలోని స్త్రీకి ఆ చట్టం వల్ల ఒరిగిందేమీ లేదు. 1931లో ఆమె, మరో మహిళా నాయకురాలు బేగం షానవాజ్ కలిసి ప్రత్యేక సీట్లు వద్దని, స్త్రీపురుషులకు సమాన హక్కులు కావాలని కోరిన విజ్ఞాపనలో అర్హత నిబంధనలు లేని వయోజన ఓటు, అంటే యుక్తవయసు వచ్చిన ప్రతివారికీ ఓటు అనే భావన బలంగా ఉంది.

ఆ కోరిక నెరవేరింది 1950 నాటి రాజ్యాంగంతోనే; 1949 మార్చి 2న మరణించిన సరోజిని దానిని చూడలేదు. 1951–52 ఎన్నికల జాబితాల తయారీలో, తమ పేరు చెప్పక ఫలానావారి భార్యగా, కూతురుగా మాత్రమే నమోదైన సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు, ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాల్లో, తొలగించబడ్డాయి. హక్కు కాగితం మీదికి వచ్చాక కూడా స్త్రీ తన పేరు తాను చెప్పుకోవడానికి ఎంత సంకోచించవలసి వచ్చిందో ఆ ఒక్క సంఖ్య తెలుపుతుంది.

ఆ ఎన్నికల్లోనే మెదక్ నియోజకవర్గం సరోజిని కుమారుడు ఎన్.ఎం. జయసూర్యను లోక్‌సభకు పంపింది. అయితే స్త్రీలకు సమాన హక్కులు కోరిన సరోజిని కోరికకు మరింత దగ్గరగా వచ్చే పేరు, తరువాత అదే మెదక్ నుంచి గెలిచిన సంగం లక్ష్మీబాయిది. ఘటకేసర్‌లో 1911లో పుట్టి, గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ స్థాపించిన శారదానికేతనంలో చదివి, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లిన ఆమె, 1952లో బాన్సువాడ నుంచి హైదరాబాదు శాసనసభకు, 1957, 1962లలో వికారాబాదు నుంచి, 1967లో మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికైంది. అనాథ స్త్రీలు, పిల్లల కోసం హైదరాబాదులో ఇందిరా సేవా సదన్‌ను నెలకొల్పినదీ ఆమెయే.